లారీ ట్యూబు, జనరేటర్, మా అక్క చేపలు

మా ఇంట్లో చేపల తొట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండేదని నేను చాలామందికి చెప్పాను. అబద్ధం కాదు. గదే అంత చిన్నది. తొట్టి పెట్టాక మిగిలిన జాగాలో ఒక మనిషి చాప పరుచుకుని పడుకోవచ్చు, కాళ్ళు మాత్రం గడప అవతల పెట్టుకోవాలి. అందులో వందల చేపలుండేవని కూడా చెప్పాను. అది మాత్రం అబద్ధమే. లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళల్లో ఇంకా కొన్ని మిగిలిపోయేవి.

కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి నేను మేనేజరుగా ఉన్న రోజులవి. అంటే గోడౌను తాళాలు నా మొలకు వేలాడుతుండేవి. మేనేజరు వేరే ఉండేవాడు.

తొంభైల్లో, విరుదునగర్‌లో ఉండే మా అక్క భర్త పోయాడు. మా బావ ఉన్నన్నాళ్ళూ వీధి చివరికి వినబడేలా మాట్లాడేవాడు. ఆయన పోయాక ఆ ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేకుండా పోయింది. అక్కకు పిల్లలు లేరు. నేను మా ఇంట్లో ఉన్న రెండో తొట్టిని, చిన్న అద్దాలదాన్ని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయి ఆమె ముందుగదిలో పెట్టి వచ్చాను. ప్రాణంలా చూసుకున్న తొట్టిని అక్క కోసం త్యాగం చేశానని బంధువులందరికీ చెప్పుకున్నాను. నిజానికి దాని ఒక మూల కారుతుండేది. దాన్ని పారేస్తావా, నన్ను పుట్టింటికి పంపిస్తావా అని మా ఆవిడ రోజూ గొడవ పెట్టేది.

అక్క ఆ మూలను అద్దాల పనివాడితో పూయించుకుంది. గోల్డు చేపలు నాలుగు తెచ్చి వేసింది. తొట్టికి గాలి ఊదే చిన్న మోటారు రోజంతా గుర్రుగుర్రుమంటుంటే, "ఇంట్లో ఎవరో పండుకోనుండేట్ట ఉండాదిరా" అనేది. ఏళ్ళు గడిచాయి. చేపలు అరచేయంత అయ్యాయి. అందులో తోక వంకరగా ఉన్న పెద్దది, అక్క తొట్టి ముందు నిలబడితే అద్దానికి మూతి ఆనించి నిలబడేది.

రెండు వేలు దాటిన కొన్నేళ్ళకు కరెంటు కోతలు ముదిరాయి. చెప్పి తీసేవి కొన్ని, చెప్పకుండా తీసేవి ఇంకొన్ని. మా ఎండలకు తొట్టి నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. గాలి మోటారు ఆగిందంటే కాసేపటికే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు అక్క పీట వేసుకుని తొట్టి పక్కన కూర్చునేది. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి మళ్ళీ అందులోకే పోసేది. తీయడం, పోయడం. అలా పోస్తే నీళ్ళలో గాలి కలుస్తుంది. కరెంటు వచ్చేదాకా ఆమె పని అదే. ఊళ్ళో ఉన్న పెళ్ళికి కూడా పోయి, అక్షింతలు వేసి, తాంబూలం తీసుకోకుండానే వెనక్కి పరుగెత్తేది.

నాగలాపురంలో మా దాయాదుల ఇంటి పెళ్ళికి మాత్రం ఎలాగో వచ్చింది. పంక్తిలో నా పక్కన కూర్చుని అన్నం కెలుకుతోంది.

"ఏమక్కా, తినవా?"

"ఈపాటికి కరెంటు పోయుంటుందిరా. నీ తొట్టిని ఎట్ల చూసుకుంటావు నువ్వు?"

"నాకేమక్కా! జనరేటర్ పెట్టినాను కదా."

అంతటితో ఆగాల్సింది. కానీ సాంబారు వడ్డించే మనిషి గరిటె ఎత్తి పట్టుకుని నా వైపు చూశాడు. ఎదుటి పంక్తిలో ఇద్దరు తలలెత్తారు. అంతమంది వింటున్నప్పుడు నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"తాడు ఒకతూరి లాగితే చాలు, వీధంతా పట్టపగలే. కరెంటు పోయిన సంగతి నా చేపలకే తెలీదు."

మా ఆవిడ దూరంగా ఇంకో పంక్తిలో ఉంది కాబట్టి బతికిపోయాను.

మా ఇంట్లో ఉన్నది జనరేటర్ కాదు, లారీ ట్యూబు. పంక్చరు అంగట్లో పారేసిన ట్యూబును అతుకు వేయించి తెచ్చుకున్నాను. సైకిలు పంపుతో గాలి కొట్టి, దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, గొట్టం కొసను తొట్టిలో ముంచేవాణ్ణి. గొట్టానికి బట్టల క్లిప్పు ఒకటి. క్లిప్పును కొంచెం జరిపితే బుడగలు సన్నగా వస్తాయి. ట్యూబు నిండా గాలి ఉంటే ఒక కోత దాటుతుంది. చప్పుడు లేదు, పొగ లేదు. గొప్ప కూడా లేదు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆ పెళ్ళయిన కొన్నాళ్ళకు అక్కకు కడుపునొప్పి మొదలైంది. కడుపులో గడ్డ ఉందన్నారు. మదురై పోయి ఆపరేషన్ చేయించుకోవాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు. అక్క కదలనంది. మేనత్త కొడుకులు చెప్పారు, పక్కింటివాళ్ళు చెప్పారు. చివరికి నేను విరుదునగర్ బస్సెక్కాను.

అక్క పీట మీద కూర్చుని ఉంది. ఒక చేయి కడుపు మీద, ఇంకో చేతిలో చెంబు. మనిషి సగమైంది.

"ఆపరేషన్ అంటే బయమా అక్కా?"

"బయమేందిరా. కోసేది వాళ్ళు, కోయించుకునేది నేను. మత్తు మందు వేస్తారంట. ఇవిటికి నీళ్ళెవురు పోస్తారు? అది చెప్పు."

"పక్కింటివాళ్ళు..."

"కరెంటు పోతే వాళ్ళు మిద్దెక్కుతారు గాలికి. నా చేపలు గురుతుంటాయా వాళ్ళకు?" ఇంకో చెంబు తీసి పోసింది. పోసి, నా మొహం వైపు చూసింది. "నీ తావ జనరేటర్ ఉండాది కదరా. వీటిని నువ్వు తీసకపో. నేను రేపే మదురై పోతాను."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఆమె పీట దిగదు. గడ్డ పెరుగుతుంది. చెప్పకపోతే జనరేటర్ లేదు. లారీ ట్యూబు నా చిన్న చేపలకు చాలుతుంది గానీ, అరచేయంత గోల్డు చేపలు నాలుగింటికి ఎక్కడ చాలుతుంది?

"ఉండాది," అన్నాను. "దానికేం?"

ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణం నుంచి, ఇంతవరకూ నేను కోసిన కోతలన్నిటిలో దీన్నొక్కదాన్ని నిజం చేసి తీరాలనుకున్నాను.

మూతి వెడల్పున్న పాల క్యానులో చేపల్ని పెట్టుకుని బస్సెక్కాను. క్యాను మూత తీసి, సాత్తూరు దాటేదాకా చేత్తో నీళ్ళు కలుపుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్నాయన వాటిని కూర వండుకోవడానికి తీసుకుపోతున్నాననుకుని, పురట్టాసి నెలలో ఇదేం పని అని అరవంలో కోప్పడ్డాడు. పెరుమాళ్ళ నెల అది. మా ఇళ్ళల్లో ఆ నెలంతా చేప, కోడి ముట్టరు.

ఇంటికి పోగానే మా ఆవిడ సంగతంతా విని నడుముకు చేతులు పెట్టుకుంది.

"పెండ్లిలో జనరేటర్ అన్నావంట. అందరూ నన్ను అడిగినారు. ఏదయ్యా అది? అటక మీద పెట్టినావా?"

"తెస్తాను."

"యాడ నించి?"

"తెస్తానన్నాను కదా!"

"తెచ్చేదేమో తెలీదు గానీ, పురట్టాసిలో మా వదినె చేప ఈ ఇంట్లో చచ్చిందంటే, ఆయమ్మ మొహం చూసేది నేను కాదు, నువ్వే."

పెళ్ళిళ్ళకు మైకు సెట్టు కట్టే ఒకాయన నాకు పాత పరిచయం. పురట్టాసిలో మా వైపు పెళ్ళిళ్ళు చేయరు గనక ఆయన జనరేటర్ గోనెపట్ట కప్పుకుని ఊరికే పడుంది. పెట్రోలు పోసి తాడు లాగే రకం, ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. పై నెల అయిప్పసిలో ముహూర్తాలు మొదలయ్యేదాకా ఉంచుకోమన్నాడు. బండి మీద వేసుకుని వచ్చాను. ఒక్క లాగుడికే దడదడమని మొదలైందని తర్వాత చాలాచోట్ల చెప్పాను. లాగింది మా ఆవిడ. నేను అప్పటికే భుజం పట్టుకుని కూర్చున్నాను.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తగాదా అయింది.

మా ఇంటి ముందు వసారాలో అగ్గిపుల్లల చట్రాలు ఉండేవి. ఫ్యాక్టరీ నుంచి వట్టి పుల్లలు తెచ్చి, మా ఆవిడా ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చట్రాల్లో ఒక్కో పుల్లా గుచ్చి తిరిగి పంపేవారు. మందు అద్దేది ఫ్యాక్టరీలోనే. అయినా ఎండిన పుల్లలు కదా. ఒక్క నిప్పురవ్వ చాలు. మా వైపు మనుషులకు నిప్పంటే ఉన్న భయం వేరే ఊరివాళ్ళకు తెలియదు. తాయిల్పట్టిలోనో ఏళాయిరంపన్నైలోనో టపాకాయల పనికి పోయేవాళ్ళు లేని కుటుంబం లేదు. దూరంగా ఢామ్మని వినిపిస్తే ఆడవాళ్ళు చట్రం ఒళ్ళో పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అందుకని మా ఇంట్లో పొయ్యి దగ్గర కూడా ఫ్యాక్టరీలో మాదిరే ఇసుక బకెట్టు ఉండేది.

"ఈ నిప్పుల మిషను వసారా పక్కకు వచ్చిందంటే చూడు," అంది మా ఆవిడ.

చట్రాలకు ఎంత దూరం కుదిరితే అంత దూరం పెట్టాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఇంటి వెనక చిన్న పెరడుంది. దాని చివర, గోడ మూల. వాన పడితే తడవకుండా రేకు కప్పాను. ఎవరూ ఎత్తుకుపోకుండా పెరటి తలుపు మూసి గొళ్ళెం పెట్టాను. ఇసుక బకెట్టు పక్కనే. ఇంజను చల్లారేదాకా పెట్రోలు పోయకూడదని మా ఆవిడ ఆజ్ఞ. ఎంత జాగ్రత్త పడ్డామో చూసి నాకే ముచ్చటేసింది.

నా చిన్న చేపల్ని తీసి ముందు వసారాలో వెడల్పాటి సిమెంటు తొట్టిలోకి మార్చాను. అద్దాల తొట్టి అక్క చేపలకు ఇచ్చాను. గాలి మోటారును కిటికీ గూట్లో పెట్టాను. మోటారు నీళ్ళ మట్టానికి పైన ఉండాలి, లేకుంటే అది ఆగినప్పుడు నీళ్ళు గొట్టం గుండా వెనక్కి దిగి దాన్ని పాడు చేస్తాయి. ఇది నాకు బాగా తెలుసు. ఆ కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుందన్నది కూడా తెలుసు. రెండూ కలిపి ఆలోచించలేదు.

కరెంటు పోయింది. జనరేటర్ దడదడమంది. మోటారు గుర్రుమంది. తొట్టిలో బుడగలు ధారగా లేచాయి. వసారాలోని ఆడవాళ్ళు వచ్చి చూసిపోయారు. "అన్నయ్య చెప్పింది నిజమే కదమ్మా!" అని ఒకామె అంటే, మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. కొంచెమే.

తర్వాతి కోతల్లో చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. బుడగలు వస్తూనే ఉన్నాయి. గాలి చాలట్లేదేమో అనుకుని గొట్టం కొసన తగిలించే బుడగల రాయి ఇంకొకటి వేశాను. జనరేటర్‌ను కరెంటు వచ్చాక కూడా కాసేపు ఆడించాను. ఎంత ఆడిస్తే అవి అంత తేలిపోయాయి. వంకరతోకది ఒక పక్కకు ఒరిగి, లేచి, మళ్ళీ ఒరిగింది. నాకు తల పోటు. మా ఆవిడ కళ్ళు తిరుగుతున్నాయంది. ఎండదెబ్బ అనుకున్నాం.

అలాంటి ఒక కోతలో, జనరేటర్ ఆడుతుండగానే, మదురై నుంచి కబురొచ్చింది. అక్కకు మర్నాడు ఆపరేషన్. ఫోను పట్టుకున్న బంధువు, "మీ అక్క అడగమంటోంది. చేపలు ఎట్లున్నాయి?" అన్నాడు.

"ఈత పోటీలు పెట్టుకుంటున్నాయని చెప్పు," అన్నాను. ఫోను పెట్టేసి తొట్టి దగ్గరికి పోయాను. వంకరతోకది అడుగున గులకరాళ్ళ మీద పడి ఉంది. మొప్పలు ఆడుతున్నాయి, అంతే.

వసారాలోకి వచ్చి మెట్టు మీద కూలబడ్డాను. పక్కనే సిమెంటు తొట్టి. అందులో నా చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. వాటికి జనరేటర్ లేదు. మోటారు లేదు. లారీ ట్యూబు కూడా పెట్టలేదు. కరెంటుతో పనే లేకుండా అవి కులాసాగా ఉన్నాయి. ఇంత రాజభోగం జరుగుతున్న అక్క చేపలు చచ్చిపోతున్నాయి. ఎందుకు?

లోపలి నుంచి మా ఆవిడ గొంతు: "ఏమయ్యా, నీ తొట్టి బస్టాండు మాదిరి నాత్తం కొడతాంది!"

పరుగెత్తి తొట్టి మీదికి వంగాను. పగిలే ప్రతి బుడగలోంచీ పెట్రోలు పొగ వాసన. తలెత్తి చూస్తే కిటికీ. కిటికీ గూట్లో మోటారు. కిటికీ అవతల, తలుపు మూసిన పెరట్లో, రేకు కింద, జనరేటర్ పొగ నిండిపోయి ఉంది. మోటారు తన చుట్టూ ఏ గాలి ఉంటే దాన్నే పీల్చి తొట్టిలోకి ఊదుతుంది. నేను రోజూ అక్క చేపలకు పొగ తాగిస్తున్నాను. మేమూ అదే పీలుస్తున్నాం. ఇంకాస్త మూసి పెట్టుంటే చేపల కంటే ముందు మేమే పోయేవాళ్ళమేమో. నిప్పురవ్వ ఎక్కడ పడుతుందా అని చూసుకున్నాం గానీ, పొగ ఎటు పోతుందని ఇద్దరిలో ఒక్కరం చూడలేదు.

"జనరేటర్ ఆపు! తలుపు తియ్యి!" అని అరిచాను.

"కరెంటు లేదు కదా, మోటారు ఆగిపోతాది!"

"ఆగనీ!"

వీధిలోకి పోయి, మంచి గాలి తగిలేచోట నిలబడి, లారీ ట్యూబుకు పంపుతో గాలి కొట్టాను. దోవన పోయేవాళ్ళు చూశారు. చూడనీ. మా ఆవిడ సగం నీళ్ళు తోడి పారబోసి, ముందురోజు గంగాళంలో పట్టి పెట్టిన నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది. ట్యూబు తొట్టికి తగిలించాను. అది ఒక్కటీ చాలదని ఇద్దరికీ తెలుసు. పీట వేసుకుని చెంబు పట్టుకున్నాను. తీయడం, పోయడం.

మా అక్క ఇన్నేళ్ళుగా చేసిన పని ఎంత కష్టమో నా భుజానికి అప్పుడు తెలిసింది. నా చేయి పడిపోతే మా ఆవిడ చెంబు లాక్కుంది. ఆమె చేయి పడిపోతే వసారాలోంచి ఒకామె చట్రం పక్కన పెట్టి వచ్చింది. "జరుగన్నా, నువ్వు పోసేది చెట్టుకు పోసినట్ట ఉండాది. ఎత్తు నించి పొయ్యాల," అని నన్ను లేపేసింది. ఇంకొకామె ట్యూబు మీద కూర్చుంటే గాలి జాస్తిగా వస్తుందని కనిపెట్టి, దాని మీద కూర్చునే పుల్లలు గుచ్చుకుంది. పొద్దు వాలేటప్పటికి కరెంటు వచ్చింది. వంకరతోకది గులకరాళ్ళ మీద నుంచి లేచి అద్దం దాకా వచ్చింది. నేను ఏడ్చానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. పొగ కళ్ళల్లో పడింది.

మర్నాడు తెల్లవారగానే పని మొదలుపెట్టాను. జనరేటర్‌ను పెరటి గోడ అవతల, సీమతుమ్మలున్న బీడు జాగాలోకి మోయించాను. మైకు సెట్టాయన దగ్గర పొడుగు వైరు తెచ్చాను. గాలి ఎటు వీస్తోందో పిడికెడు దుమ్ము ఎగరేసి చూసి, పొగ గొట్టం అటు తిప్పాను. గాలి మారితే మళ్ళీ తిప్పేవాణ్ణి. మోటారును కిటికీ నుంచి తీసి, వసారా వైపు గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. కరెంటు పోయిన ప్రతిసారీ ముందు బీడు జాగాలో నిలబడి గాలి వాసన చూసి, ఆ తర్వాతే తాడు లాగేవాణ్ణి. అప్పటికి లాగడం కూడా వచ్చేసింది. చేపలు నాలుగూ నిలబడ్డాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. అక్క కోలుకునేటప్పటికి పురట్టాసి అయిపోయింది. ముహూర్తాలు వచ్చాయని మైకు సెట్టాయన జనరేటర్ తీసుకుపోయాడు. ఆ మర్నాడే అక్క కారులో దిగింది. మనిషి పలచబడింది, నోరు మాత్రం పలచబడలేదు. నేరుగా తొట్టి దగ్గరికి పోయి నిలబడింది. వంకరతోకది వచ్చి అద్దానికి మూతి ఆనించింది. అక్క కొంగు ఒకసారి మొహానికి పెట్టుకుంది.

అప్పుడే కరెంటు పోయింది. కావాలని చేసినట్టు.

"ఏదిరా, నీ జనరేటర్ లాగు. చూస్తాను."

మా ఆవిడ వంటింట్లోకి తప్పుకుంది. ఇక దాచేది లేదు. తలుపు వెనక నుంచి లారీ ట్యూబు దొర్లించుకుంటూ తెచ్చి అక్క ముందు పెట్టాను. క్లిప్పు తీశాను. బుడగలు వచ్చాయి. అక్క ట్యూబును చూసింది, నన్ను చూసింది, కడుపు పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

"నవ్వించొద్దురా, కుట్లు పిగిలిపోతాయి!"

"అక్కా, జనరేటర్ ఉండింది. నిన్నటిదాకా ఉండింది. కావాలంటే..."

"తెలుసులే. పెండ్లి రోజే నీ పెండ్లాము నాకు చెప్పింది, లారీ ట్యూబని."

"తెలిసే ఇచ్చినావా చేపల్ని?"

"నా ముందర 'ఉండాది' అన్నావు కదరా. లేదని ఒప్పుకోలేక, యాడనించైనా తెచ్చి పెడతావని తెలుసు. నిన్ను ఎత్తుకోని పెంచినాను నేను." పీట మీదికి జరిగి చెంబు అందుకోబోయింది. మా ఆవిడ వచ్చి ఆ చెంబు లాక్కుంది.

అక్కను విరుదునగర్‌లో దింపడానికి నేనూ పోయాను. కారు వద్దు, డబ్బా మాదిరి ఉంటుంది, బస్సులోనే పోదామంది. చేపలు పాల క్యానులో, క్యాను నా కాళ్ళ మధ్య. లారీ ట్యూబు అక్క ఒళ్ళో. ఇకమీదట అది తన ఇంట్లో ఉండాలని పట్టుబట్టింది. కరెంటు పోతే తాను దాని మీద కూర్చుంటుందట, ఇక చెంబు పట్టుకునే ఓపిక లేదట.

కండక్టరు టికెట్టు కొడుతూ ట్యూబును చూసి అరవంలో అడిగాడు: "లారీ ఎక్కడ తాతా?"

"వెనక వస్తోంది," అన్నాను నేనూ అరవంలోనే. "డ్రైవర్ టీ తాగుతున్నాడు."

అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఇంటికొచ్చి చూసుకుంటే రక్తం కారింది.

కారలేదు. కొంచెం కందింది.